కుర్చీ కాళ్లతో సహా

పంతొమ్మిదో శతాబ్దంలో రచయితల ఫొటోలను చిన్న అట్టల మీద అంటించి కార్డులుగా అమ్మేవారు, నేను వాటిని సేకరిస్తాను. నా దగ్గరున్న అమెరికన్ కవి లాంగ్‌ఫెలో ఫొటో ఒకదాంట్లో ఆయనకు గడ్డం లేదు. బుగ్గల పక్కన జుట్టు దట్టంగా దిగింది కానీ చుబుకం నున్నగా ఉంది. ఇప్పటిదాకా కొన్నవాటిలో దానికే ఎక్కువ డబ్బు పెట్టాను. ఎంత పెట్టానో ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు కూడా ఈ బ్లాగు చదువుతారు.

గడ్డమున్న లాంగ్‌ఫెలో కార్డులు కొల్లలు. 1861 జూలైలో ఆయన భార్య ఫానీ బట్టలకు ఇంట్లోనే నిప్పంటుకుంది. ఆర్పబోయి ఆయన చేతులూ ముఖమూ కాల్చుకున్నారు. ఆవిడ మర్నాడే పోయారు. కాలిన ముఖం మీద కత్తి ఆడించలేక ఆయన గడ్డం వదిలేశారు. మన ఇంగ్లీషు వాచకాల్లో పాఠం పక్కన తపాలా బిళ్లంత బొమ్మలో కనిపించే ఆ తెల్లగడ్డం తాతగారు అలా తయారయ్యారు. కాబట్టి గడ్డం లేని ఫొటో ఆ జూలైకి ముందు తీసినదే. అయితే నెగెటివ్ ముందుదైనా అచ్చు తరువాత ఎప్పుడైనా వేసుకోవచ్చు. అందుకే ముఖం చూశాక అట్ట చూడాలి. పల్చగా ఉందా? మూలలు గుండ్రంగా కాకుండా చదరంగా కోసి ఉన్నాయా? వెనక స్టూడియో పేరు ఆర్భాటం లేకుండా రెండు మూడు వరుసల్లో సరిపెట్టారా? ఈ మూడూ ఉంటే 1860ల మొదటి సగం అనుకోవచ్చు. 1870లకు వచ్చేసరికి అట్ట మందమై మూలలు గుండ్రమయ్యాయి. 1880ల్లో అంచుకు బంగారు పూత, వెనకంతా లతలూ పతకాలూ రాజచిహ్నాలూ వచ్చి చేరాయి. అమెరికా కార్డులకు ఇంకో సదుపాయం ఉంది. అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1864 నుంచి 1866 దాకా అక్కడి ప్రభుత్వం ఫొటోల మీద పన్ను వేసింది. వెనక పన్ను బిళ్ల అంటించి ఉంటే ఆ రెండేళ్లలో అమ్మిన కార్డన్నమాట.

నాది అమలాపురంలో ఫొటో స్టూడియో, నాన్నగారు పెట్టినది. కౌంటరు పక్కన గాజు బీరువాలో ఈ కార్డుల నకళ్లు పేర్చాను. అసలువి లోపల ఇనుప బీరువాలో, చీకట్లో ఉంటాయి. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చి అద్దం ముందు తల దువ్వుకుంటూ జనం వాటిని చూస్తారు. ముమ్మిడివరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఏమండీ, ఈ దొరలంతా మీకేమవుతారు?" అని అడిగారు. పాత రోజుల్లో పుస్తకాలు రాసినవాళ్లని చెప్పాను. "మరి మనవాళ్లు రాయలేదా?" అన్నారాయన. రాశారు. ఫొటోలు కూడా దిగారు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఈ కార్డుల పుట్టుక చెప్పాలి.

1854లో పారిస్‌లో దిస్దేరి అనే ఫొటోగ్రాఫర్ ఒక కిటుకుకు పేటెంటు తీసుకున్నారు. ఒక పెద్ద గాజు పలక మీద ఒకే బొమ్మ తీయడానికి బదులు చిన్న చిన్నవి, మామూలుగా ఎనిమిది, తీయడం. కాగితం మీద ఒక్కసారి అచ్చు వేసుకుని, ముక్కలుగా కోసి, రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తున్న అట్టల మీద అంటించేయడం. విజిటింగ్ కార్డంత ఉంటుంది గనక పేరు కూడా అదే, కార్త్ ద విజీత్. ఫొటో ధర ఒక్కసారిగా దిగింది. 1860లో మేయాల్ అనే ఆయన లండన్‌లో విక్టోరియా రాణిగారి కుటుంబాన్ని ఇలా కార్డులుగా అమ్మకానికి పెట్టాక జనం ఎగబడ్డారు. దుకాణాల అద్దాల వెనక రాణి, మంత్రి, నటి, పాస్టరు, కవి అందరూ ఒకే సైజులో నిలబడ్డారు. 1866 ప్రాంతం నుంచి క్యాబినెట్ కార్డు అని పెద్దది వచ్చింది, నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర ఎత్తు. నేను రెండూ కొంటాను కానీ మనసు చిన్నదాని మీదే.

ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి పూసేవారు. ఆరాక వెండి నైట్రేట్ ద్రావణం మీద తేలిస్తే దానికి వెలుతురు పట్టే గుణం వచ్చేది. నెగెటివ్‌ను దానికి ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగేది. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన ఈ కాగితమే ఆ శతాబ్దమంతా రాజ్యమేలింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీకి రోజుకు అరవై వేల గుడ్లు పట్టేవట. అనపర్తిలో కోళ్ల ఫారం నడిపే మిత్రుడికి ఈ లెక్క చెప్తే ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "మరి పచ్చసొన ఏం చేశారండీ?" అన్నాడు. వ్యాపారి అడగవలసిన ప్రశ్న అదే. తోళ్లు పదును చేసేవాళ్లకు అమ్మేవారు.

ఇక అసలు వస్తువు. నా దగ్గరున్న ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ కార్డుల్లో ఒకటి నిలువెత్తుది. ఆయనను కాసేపు వదిలేసి పాదాల దగ్గర చూడండి. రెండు బూట్ల మధ్య, కాస్త వెనకగా, నల్లగా మూడు కాళ్ల పీట లాంటిది కనిపిస్తుంది. అది తల కదలకుండా వెనక నుంచి పట్టుకునే ఇనుప స్టాండు అడుగు. అప్పట్లో తడి కొలోడియన్ పలక, అంటే మందు పూసి తడి ఆరకముందే వాడే గాజు పలక, దానికి కొన్ని సెకన్ల పాటు కదలకుండా నిలబడాలి. అందుకే ఆ చెయ్యి అలా కుర్చీ వీపు మీద ఆనింది. ఠీవి కోసం పెట్టిన చెయ్యి కాదది, ఊగకుండా పెట్టినది. కింద పరిచిన తివాచీ ఎడమ పక్క అయిపోయి చెక్క నేల బయటపడింది. వెనక తెర మీద రంగులతో వేసిన స్తంభం నేలకు ఆనలేదు, జానెడు ఎత్తున గాలిలో ఆగిపోయింది. ఫొటోగ్రాఫర్‌గా నాకు ఇవన్నీ ఎంత ఇష్టమో చెప్పలేను. అచ్చు ఇదే ఇబ్బందితో మా స్టూడియోలో తాజ్‌మహల్ తెర ముందు కొత్త దంపతులను నిలబెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. పుస్తకాల్లో అచ్చయిన డికెన్స్‌కు ఇవేవీ ఉండవు. అక్కడ ఛాతీ దాకా కోసేసిన డికెన్స్ ఉంటాడు, మహానుభావుడిలా.

1867లో ఆయన అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్‌లో గర్నీ స్టూడియోలో దిగిన ఫొటోలకూ దీనికీ మధ్య ముఖం ఎంత వాడిపోయిందో పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మూడేళ్లకు, 1870లో పోయారు.

రచయితలందరికీ ఈ వ్యాపారం నచ్చలేదు. ఇంగ్లీషు నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ 1858లో మేయాల్ దగ్గర ఒకసారి కూర్చున్నారు, ఆ తరువాత ఎవరడిగినా తన ఫొటో లేదనేవారు. ఇంగ్లీషు కవి టెన్నిసన్‌కు అపరిచితులు తొంగిచూడటమంటే చిరాకు. అయినా 1865లో జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన ఫొటోను చూసి మురికి సన్యాసిలా ఉన్నానని తనే నవ్వుకున్నారు. కామెరాన్ కలకత్తాలో పుట్టిన మనిషి. ఆవిడది అద్దె స్టూడియో లెక్క కాదు గనక నా సేకరణలోకి రాదు, వచ్చినా నేను కొనగలిగే ధర కాదు.

ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్‌ది ఇంకో దారి. 1882 జనవరిలో న్యూయార్క్ చేరగానే నెపోలియన్ సరోనీ స్టూడియోకు వెళ్లి, మఖమలు కోటు, మోకాళ్ల దాకా లాగు, పట్టు మేజోళ్లతో ఇరవైకి పైగా భంగిమల్లో దిగారు. అందులో ఒకదాన్ని ఒక లితోగ్రఫీ కంపెనీ అడగకుండా ఎనభై అయిదు వేల కాపీలు కొట్టింది. సరోనీ దావా వేశారు. యంత్రం తీసిన బొమ్మకు కర్త ఎవరని కంపెనీవాళ్ల వాదన. 1884లో అమెరికా సుప్రీంకోర్టు సరోనీ పక్షాన తీర్పు చెప్పింది. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, తెరలు, వెలుగునీడలు ఇవన్నీ ఫొటోగ్రాఫర్ ఆలోచనలోంచి వచ్చాయి కాబట్టి అతనే కర్త అంది. ఈ తీర్పు సారాంశాన్ని తెలుగులో రాసి మా స్టూడియోలో తగిలించాను. ఫొటోకు ఇంత డబ్బెందుకు, బటన్ నొక్కడమే కదా అనేవాళ్లకు చేత్తో చూపిస్తాను. ఎవరూ చదవరు. ఆ వైల్డ్ కార్డు అసలుది లక్షల్లో పలుకుతుంది, నా దగ్గర లేదు.

దొంగ అచ్చులు ఆ రోజుల్లోనే బోలెడు. అమ్ముడుపోయే ముఖం ఒకటి దొరకగానే దాన్నే మళ్లీ ఫొటో తీసి, తమ అట్ట మీద అంటించి అమ్మేవారు. అలాంటిదాంట్లో నీడలు మసిబారి ఉంటాయి, కనుపాపలో వెలుగు చుక్క పోతుంది, కోటు గుండీలు కలిసిపోతాయి. ఇంకో రకం, పోయినవాళ్ల కార్డులు. కవి బైరన్ 1824లో, నవలాకారుడు స్కాట్ 1832లో పోయారు, ఫొటో అనేది లోకానికి అందక ముందే. అయినా వాళ్ల కార్డులున్నాయి, తైలవర్ణ చిత్రాలకో చెక్కుడు బొమ్మలకో తీసిన ఫొటోలు. పో అనే అమెరికన్ కవి 1849లో పోయారు, ఆయన కార్డులు పాత డాగెరోటైపులకు, అంటే వెండి పూసిన రేకు మీద తీసిన తొలినాటి ఫొటోలకు, నకళ్లు. నాగలి పట్టిన పోతనను, బండ మీద కూర్చున్న వేమనను క్యాలెండర్లలో చూసి పెరిగినవాళ్లం, మనకు ఇందులో కొత్త ఏముంది?

కొనేటప్పుడు భూతద్దం తప్పనిసరి. ఆనించి చూస్తే చుక్కలు కనిపించాయంటే అది ప్రెస్సులో బ్లాకు మీద అచ్చయినది, పుస్తకంలోంచో పత్రికలోంచో కోసినది. గుడ్డు సొన కాగితమైతే చుక్కలుండవు. సన్నటి పగుళ్లూ, పల్చని పొర కింద కాగితం నారా కనిపిస్తాయి. తెల్లగా ఉండవలసిన చోట వెన్న రంగు తిరుగుతుంది. అసలు వెలిసిపోకుండా చాక్లెట్ రంగులో మెరుస్తూ ఉంటే వుడ్‌బరీటైపు కావచ్చు. 1864లో పేటెంటు పొందిన ఆ పద్ధతిలో వెండి ఉండదు, జెలటిన్‌లో కలిపిన రంగు ఉంటుంది, అందుకే వెలవదు.

యానాంలో ఒక మాస్టారు ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో కార్డు ఎలాగైనా సంపాదించమని వెంటపడ్డారు. పారిస్‌లో నదార్ తీసిన హ్యూగో ఫొటోల్లో 1885 మే నెలలో మరణశయ్య మీద తీసినది చాలా పేరున్నది. అది మాత్రం తేనన్నాను. నాన్నగారి కాలంలో అర్ధరాత్రి తలుపు కొట్టి పిలిస్తే శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసిన వృత్తి మాది. ఇక చాలు.

నా సేకరణలో అన్నిటికన్నా చౌకగా దొరికిందీ నాకు బాగా ఇష్టమైనదీ ఒక ఆల్బమ్. కాకినాడ జగన్నాథపురంలో పాత సామాన్ల దుకాణంలో తూకానికి పోబోతుంటే తీసుకున్నాను. తోలు అట్ట, ఇత్తడి కొక్కెం, పేజీకొక కార్డు దూర్చే అర. ఒకప్పుడు కాకినాడ రేవులో వ్యాపారం చేసిన తెల్లవాళ్ల ఇంటిదై ఉంటుంది. మొదట ఒక ముసలమ్మ, తరువాత టోపీ పెట్టిన పిల్లవాడు. ఆ పిల్లవాడి కార్డు వెనక మద్రాసు స్టూడియో పేరు. తరువాతి పేజీలో టెన్నిసన్, ఆయన ఎదురుగా ఎవరో సిపాయి. మన ఇళ్లలో గోడ మీద వేంకటేశ్వరస్వామి పక్కన తాతగారు, తాతగారి పక్కన నెహ్రూగారు ఉన్నట్టే. ఆ తరువాతి పేజీలో అర ఖాళీ. కింద పెన్సిలుతో, చక్కటి వాలు రాతలో, చార్లెస్ డికెన్స్ అని ఇంగ్లీషులో రాసి ఉంది. అర అడుగు అంచు వేలు పెట్టి లాగితే చిరిగినట్టు చిరిగింది. ఎవరో తొందరలో తీసుకున్నారు. ఇంకో డికెన్స్ కార్డు అందులో పెట్టి ఆల్బమ్‌ను పూర్తి చేయవచ్చు కదా అని మిత్రులంటారు. అది నాకు సమ్మతం కాదు. ఆ చిరుగు కూడా ఆల్బమ్‌లో భాగమే.

ఇప్పుడు మనవాళ్ల సంగతి.

మా నాన్నగారికి పేరు తెచ్చిన పని ఎన్‌లార్జ్‌మెంట్లు. ఊళ్లో ఎవరైనా పోతే మూడో రోజుకల్లా పటం కావాలి. ఆ మనిషి ఒంటరిగా దిగిన ఫొటో ఉండదు. ఏ పెళ్లిలోనో, స్కూలు వార్షికోత్సవంలోనో తీసిన గ్రూపు ఫొటో పట్టుకొచ్చి, "వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో ఆయనండీ" అని వేలు పెట్టి చూపిస్తారు. నాన్నగారు దానికి నకలు నెగెటివ్ తీసి, ఆ తల చుట్టూ ఉన్నవాళ్లందరినీ వెలుతురు దూరనివ్వని ఎర్రటి ఓపేక్ రంగుతో కుంచె పట్టి కప్పేసేవారు. తరువాత పెద్ద బ్రోమైడ్ కాగితం మీద ముఖం దింపి, పెన్సిలుతో, కుంచెతో సవరించేవారు. చొక్కా లేనివారికి చొక్కా, చొక్కా ఉన్నవారికి కోటు, భుజాన జరీ కండువా. మూసుకున్న కళ్లు తెరుచుకునేవి. మీసం మాత్రం ఎవరు బతిమాలినా పెట్టేవారు కాదు. "కోటు మర్యాదరా, మీసం అబద్ధం" అనేవారు. ఈ రెండింటికీ గీత ఎక్కడ గీశారో నాకు ఇప్పటికీ బోధపడలేదు కానీ, తిరుపతి వేంకట కవుల వంటివారి ఫొటోలకు ఆ నియమం ఎంత అవసరమో తెలుసు. సంస్కృతాంధ్రాల్లో తమను గెలిస్తే తీసేస్తామని సవాలు చేసి మరీ పెంచిన మీసాలవి. టచింగ్ చేసేవాడు తెలియక పెన్సిలు ఆడిస్తే సాహిత్య చరిత్ర తారుమారే. చూపు క్రమంగా పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ఫొటో నాన్నగారి చేతికి వచ్చి ఉంటే కళ్లకు ఏం చేసేవారో ఊహించడానికి భయం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. పంతొమ్మిదో శతాబ్దపు మన రచయితల ముఖాలన్నీ మనకు నాన్నగారి వంటివారి బల్ల మీదుగా వచ్చాయి. ఎప్పుడో ఎక్కడో స్టూడియోలో ఆ మనిషి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన చిన్న బల్ల, దాని మీద పుస్తకం, కాళ్లకు చెప్పులో బూట్లో ఉన్నాయి. పోయాక ఇంట్లోవాళ్లు ముఖం దాకా పెంచి పటం కట్టించారు. ఆ పటానికి ఫొటో తీసి పత్రికవాళ్లు బ్లాకు చేయించారు. ఆ బ్లాకు అచ్చును చూసి చిత్రకారుడు రంగుల బొమ్మ వేశాడు, ఆ బొమ్మను చూసి శిల్పి విగ్రహం చేశాడు. ఇప్పుడు ఫోనులో జయంతి నాడు తిరిగే బొమ్మ విగ్రహానికి తీసిన ఫొటో. ప్రతి మెట్టు దగ్గరా ఏదో రాలిపోయింది. చేతులు మొదట పోయాయి, తరువాత కుర్చీ, తరువాత స్టూడియో పేరు.

కందుకూరి వీరేశలింగంగారు 1848లో పుట్టారు, ట్రెజర్ ఐలాండ్ రాసిన స్టీవెన్‌సన్ కన్నా రెండేళ్లు పెద్ద. 1881 డిసెంబరులో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన కొద్ది వారాలకే వైల్డ్ న్యూయార్క్‌లో సరోనీ కెమెరా ముందు కూర్చున్నారు. 1854లో పుట్టిన వడ్డాది సుబ్బారాయుడుగారు, మన వసురాయ కవి, వైల్డ్‌కు సరిగ్గా సమవయస్కులు. వైల్డ్ ఒక్కపూట భంగిమలు చూస్తే ఆయన మేజోళ్లు ఎక్కడ ముడత పడ్డాయో చెప్పవచ్చు. వీరేశలింగం పంతులుగారి చేతులు ఎలా ఉండేవో చెప్పమంటే రాజమండ్రిలో పుట్టి పెరిగినవాళ్లు కూడా నీళ్లు నములుతారు. తలపాగా తెలుసు, ముఖం తెలుసు. పత్రిక నడిపి, అచ్చు ప్రూఫులు దిద్ది, అన్ని సంపుటాలు రాసిన చేతులు కదా! గురజాడది విజయనగరం, మా డెల్టా కాదు. ఆయన పటం పరిస్థితీ అంతే, తలపాగా వరకే.

దీన్ని పేదరికమని కొట్టిపారేయకూడదు. అక్కడ రచయిత ముఖం దుకాణంలో అమ్మే సరుకు. వేలల్లో అచ్చయింది కాబట్టి వందల్లో మిగిలింది, అందులో ఒకటి అమలాపురం దాకా వచ్చింది. ఇక్కడ ఫొటో ఇంటి వస్తువు. ఒకటో రెండో ప్రతులు, అవీ గోడకు ఎక్కాయి. గోడకెక్కిన ఫొటోకు బొట్టు పెడతారు, దండ వేస్తారు, అగరొత్తుల పొగ చూపిస్తారు. భక్తి కొద్దీ చేసినవే అన్నీ. నాకు కోపం లేదు. కానీ పటం కట్టేవాడు చట్రంలో పట్టడానికి అట్ట నాలుగు వైపులా కత్తిరించేస్తాడు చూడండి, అప్పుడు మాత్రం వస్తుంది.

దానికి తోడు మన గాలి. కోనసీమలో వానాకాలం మొదలైతే నవంబరు దాకా బీరువాలో బట్టలకే బూజు పడుతుంది, ఫొటో ఎంత? ఈ కార్డులు అట్టకు అంటించింది పిండి జిగురుతో, పురుగుకు అది పరమాన్నం. కలరా ఉండలు వేయను, ఆ వాసన కాగితానికి మంచిది కాదు. ఒక్కో కార్డును పాలిస్టర్ తొడుగులో పెట్టి, పెట్టె అడుగున సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా మారుస్తాను. మామూలు ప్లాస్టిక్ ఆల్బమ్ కవర్లు మాత్రం వద్దు, అవి కొన్నేళ్లకు జిడ్డుదేరి బొమ్మను పట్టుకుంటాయి.

1996 నవంబరు తుపాను వెళ్లాక మా స్టూడియో ముందు జనం తడిసిన పటాలతో నిలబడ్డారు. ఇంటి పైకప్పు పోయినవాళ్లు, కొబ్బరితోట మొత్తం పడిపోయినవాళ్లు కూడా ముందు పటాలే తెచ్చారు. ఉబ్బిన ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే, ఎండాక దాన్ని లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. నాన్నగారు వరండాలో నిలబడి ఒకే మాట చెప్పేవారు: "లాగకండి. అద్దంతోనే ఇవ్వండి." అద్దం మీదుగానే, పక్క నుంచి దీపం పెట్టి, మెరుపు పడకుండా నకలు తీశారు. మీ ఇంట్లో అలా అతుక్కున్న పటం ఉంటే ఈ రోజుకీ అదే పద్ధతి.

ఇంకొక్కటి. నకలు తీసేటప్పుడు అంచుల దాకా తీయండి, వెనక కూడా తీయండి. ఫోనుతోనైనా సరే. స్టూడియో ముద్ర, ఊరి పేరు, ఎవరో పెన్సిలుతో వేసిన లెక్క, పురుగు తిన్న మూల అన్నీ రావాలి. గ్రూపు ఫొటో ఉంటే దయచేసి అందులోంచి తలను కోయవద్దు. ఆ పక్కన నిలబడ్డ పిల్లవాడు ఎవరో మీకు తెలియకపోవచ్చు, ఇంకొకరికి తెలుస్తుంది. నా దగ్గరకు తెస్తే ముందూ వెనకా స్కాన్ చేసి అసలు మీకే ఇచ్చేస్తాను, డబ్బు తీసుకోను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం రావద్దు, పెళ్లిళ్ల సీజనులో అసలే రావద్దు.

ఈ మాట విని ఈమధ్య పాలకొల్లు వైపు నుంచి ఒక కుటుంబం కబురు పెట్టింది. వాళ్ల ముత్తాతగారు పంతులుగారి శిష్యులట, ఇద్దరూ కలిసి దిగిన గ్రూపు ఫొటో ఉందట. వెళ్లాను. బ్రహ్మాండమైన ఫొటో. అట్టతో సహా చెక్కుచెదరలేదు. రెండు వరుసల మనుషులు, మధ్య కుర్చీలో తలపాగాతో ఒక పెద్దాయన. మొదటి చూపుకు నాకూ గుండె ఝల్లుమంది. తరువాత భూతద్దం తీశాను. అంచుల దగ్గర నీడల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తోంది. అది జెలటిన్ కాగితం లక్షణం, గుడ్డు సొన కాదు. అదొక్కటే అయితే పెద్ద పట్టింపు లేదు, ఆయన ఉండగానే ఆ కాగితం వచ్చేసింది. వెనక వరుసలో కుడివైపు చివర ఒక కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎడమ మణికట్టుకు గడియారం ఉంది. గుండ్రటి చిన్న గడియారం, తోలు పట్టీ. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతే మగవాళ్లు చేతి గడియారాలు విరివిగా కట్టారు. పంతులుగారు పోయింది 1919 మేలో. పశ్చిమ గోదావరి పల్లెలో ఒక కుర్రాడి చేతికి అప్పటికే అది వచ్చి ఉండదని ఒట్టు వేయలేను కానీ, మధ్యలో కూర్చున్న ఆయన ముక్కు కూడా పంతులుగారిది కాదు.

మెల్లగా చెప్పాను. ఆ ఇంటి పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. "మా నాయనమ్మ చెప్పిందండీ, ఆవిడ అబద్ధం ఆడదు" అన్నారు. నాయనమ్మగారి మాట కాదనడానికి నేనెవరిని? కాఫీ తాగి, రెండువైపులా స్కాన్ చేసుకుని వచ్చేశాను. స్టూడియో ముద్ర ఏలూరుదే, చిరునామా సగం చెరిగింది.

మొన్న ఫోను చేస్తే ఆ ఫొటోను ఊరి గ్రంథాలయానికి ఇచ్చేశామన్నారు. ఏప్రిల్‌లో జయంతికి దండ కూడా వేశారట. "పటం కట్టించారా?" అని అడిగాను. కట్టించారు. చట్రం చిన్నది కావడంతో చుట్టూ కొంచెం తీయవలసి వచ్చిందట. చివర నిలబడ్డ కుర్రాడు పోయాడట. "మీ కంప్యూటర్లో ఉంది కదండీ" అన్నారు పెద్దాయన. ఉంది, "గుర్తు తెలియని గ్రూపు, ఏలూరు స్టూడియో, 1920 తరువాత" అన్న పేరుతో.